తాడు అవతల మామయ్య

వెల్డరు మామయ్యకు ముక్కు మీదే కోపం. అది వచ్చినంత తొందరగా పోతుంది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఆయన పనిచేసే పాల ఫ్యాక్టరీలో మాత్రం అందరూ హడలిపోతారు, ఒక్క మేనకోడలు తప్ప. అక్కడ పైపుల పరీక్షలు చేసే ఇంజనీరు ఆమే.

ఆవేళ నూట యాభై మీటర్ల కొత్త ఆవిరి పైపును పరీక్షించాలి. నిండా నీళ్ళు పోసి, చిన్న మోటారు పంపుతో ఇంకొన్ని నీళ్ళు బలవంతంగా ఎక్కించి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. అలాంటప్పుడు తాను వేసిన అతుకు మీద అరచెయ్యి ఆనించి నిలబడటం మామయ్యకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. మేనకోడలేమో తాడు కట్టి, అందరినీ దాని అవతలికి పొమ్మంది. మామయ్య మొహం మాడ్చుకున్నాడు. సొంత మేనకోడలికే తన అతుకు మీద నమ్మకం లేదా అని ఆయన బాధ.

శక్తిని కొలిచే జూల్స్ లెక్క చెబితే ఆయన చెవికెక్కదు. అందుకని ఆమె దాన్ని సిమెంటు బస్తాల్లోకి మార్చింది. పైపు నిండా నీళ్ళే ఉంటే, పగిలినప్పుడు బయటపడే శక్తి రెండో అంతస్తు నుంచి ఒక బస్తా పడ్డంత. నిండా గాలే ఉంటే నాలుగు వేల బస్తాలు. నీళ్ళు ఎంత నొక్కినా పెద్దగా ముడుచుకోవు. గాలి ముడుచుకుని కూర్చుని, సందు దొరకగానే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

ఉన్నది నీళ్ళేగా, ఒక్క బస్తాకి భయపడతానా అని మామయ్య నవ్వి పైపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె వాదించలేదు. వెళ్ళి పక్కనే నిలబడింది.

"నువ్వెందుకిక్కడ?"

"నీకు లేని భయం నాకెందుకు మామయ్యా?"

పుట్టినప్పటి నుంచీ కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్న పిల్ల. ఆయన సణుగుతూనే ఆమె చెయ్యి పట్టుకుని తాడు అవతలికి లాక్కుపోయాడు.

పంపు మొదలైంది. ఆమె లెక్క ప్రకారం మూడు లీటర్లు ఎక్కేసరికి ఒత్తిడి చూపే ముల్లు పదిహేను బార్లకు చేరాలి. పంపు నీళ్ళు తోడుకునే పెద్ద బకెట్ ఒకటి ఖాళీ అయింది, రెండోదీ అయింది. ముల్లు మాత్రం బద్ధకంగా కూర్చునే ఉంది. ఎక్కడా చుక్క కారడం లేదు. ఆమె పంపు ఆపించింది. అన్ని నీళ్ళు మింగిందంటే లోపల ఒక డ్రమ్ముడు గాలైనా చిక్కుకుని ఉండాలి. అలాగే పదిహేను దాకా పోయి ఉంటే ఒక్క బస్తా కాదు, పది బస్తాల పైమాటే. కానీ కాగితం మీద గీసిన పటంలో పైపు తిన్నగా ఉంది. గాలి పైకి చేరి దాక్కోవడానికి ఎత్తైన చోటే లేదు.

పైపు ఎక్కడైనా మార్చావా అని మామయ్యను అడిగింది. ఆయన నేలచూపులు చూశాడు.

"గేటు దగ్గర ఆరు మీటర్ల ముక్క కాస్త పైకి లేపాను."

"నాకు చెప్పలేదేం?"

"మొన్న అక్కడ నీ తలకి తగిలి బొప్పి కట్టింది కదా. మళ్ళీ తగలకూడదని..."

ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. తన తల కోసం చేసిన పని ఆయన ప్రాణం మీదకే వచ్చి ఉండేది. తిడదామని నోరు తెరిచింది. తిట్టకుండా ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నా తల నువ్వు కాపాడావు. నీ తల నేను కాపాడాలంటే, అంగుళం కదిపినా నాకు తెలియాలి మామయ్యా."

మామయ్య నీళ్ళు దింపించి, లేపిన ముక్క మీద గాలి పోయే చిన్న కుళాయి అతికించాడు. ఆమె కాగితం మీద ఆ ఎత్తు గీసింది. మళ్ళీ నీళ్ళు నింపుతుంటే కుళాయిలోంచి చాలాసేపు గాలి బుసకొట్టింది. ఆఖరికి నీటి ధార వచ్చాక కుళాయి మూశారు.

ఆమె కొత్త లెక్కకు కూర్చుంది. మామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాగితంలోకి తొంగిచూసి, ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"అమ్మాయ్, నన్నెంత దూరంలో నిలబడమంటావు?"