ఈశ్వరి కళ్ళ కింద వాపు, నా మెడలో దండ

నేను ఒక ఫోటో ఫ్రేమును. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ పనికొచ్చే రకాన్ని కాను, చావు ఫ్రేమును. టీవీ సీరియళ్ళలో ఎవరైనా చనిపోతే వాళ్ళ ఫోటో నాలో పెట్టి, ప్లాస్టిక్ బంతిపూల దండ వేసి హాల్లో తగిలిస్తారు. మీరు అన్నం తింటూ నన్ను చూసే ఉంటారు. నన్నంటే నన్ను కాదులెండి. నాలో ఉన్న మనిషిని చూసి "అయ్యో, పోయాడా!" అని ఇంకాస్త పప్పు వడ్డించుకుని ఉంటారు.

సికింద్రాబాదులో ఒక ఫ్రేముల దుకాణంలో పుట్టాను. నిజానికి నన్ను చేయించింది పెళ్ళి ఫోటోకే. అంచుకు బంగారు గీత ఉండాల్సిందేనని పెళ్ళికొడుకు పట్టుబట్టాడు. తీరా ఫోటో తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఏమైందో దుకాణం వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఏడాదిపాటు గోడకు మొహం పెట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత సత్తార్ భాయ్ వచ్చాడు. సీరియళ్ళకు కుర్చీలూ గడియారాలూ దేవుడి పటాలూ అద్దెకిచ్చే మనిషి. కృష్ణానగర్లో గోడౌను ఉంది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగున్నది, చావులకు పనికొస్తది" అన్నాడు. నా జాతకం ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. కథలో గుండెపోటు వచ్చిందంటే ఆ నటుడికి సినిమాలో వేషం దొరికిందన్నమాట. కారు ప్రమాదం జరిగితే దర్శకుడితో చెడిందని అర్థం. దండ పడినవాళ్ళు మర్నాడే పక్క సెట్లో ఇడ్లీ తింటూ కనిపిస్తారు. వీళ్ళకొక పట్టింపు కూడా ఉంది. శవంగా పడుకున్న నటుణ్ణి అలాగే ఇంటికి పంపరు. లేపి కూర్చోబెట్టి, నవ్వుతుండగా కెమెరాతో ఒక షాట్ తీస్తారు. దాన్ని ఎక్కడా వాడరు. ఆఖరి షాట్ చావు కాకూడదు, అంతే. ఆ నవ్వులు చూసీ చూసీ నేను చావును లెక్కచేయడం మానేశాను. ఈశ్వరి వచ్చేదాకా నా బతుకు తమాషాగానే గడిచింది.

ఈశ్వరిది ఏలూరు. ఇరవయ్యేళ్ళు పరిషత్తు నాటకాలు ఆడి, నలభై దాటాక టీవీకి వచ్చింది. సీరియల్లో ఆమె పేరు రాజ్యలక్ష్మమ్మ, ముగ్గురు కొడుకుల తల్లి. మొదటి ఎపిసోడ్‌లోనే మొగుడు పోయాడు. ఆ మొగుడు నాలో ఉన్నాడు. ఎవరో మీసాలాయన, ఒక్క ఫోటో దిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ కనపడలేదు. కోడలు మాట తూలినా, కొడుకు ఎదురు తిరిగినా రాజ్యలక్ష్మమ్మ తిన్నగా నా ముందుకొచ్చి, "ఏమండీ, చూస్తున్నారా" అని మొదలుపెట్టేది. మూడేళ్ళపాటు వారానికి నాలుగుసార్లయినా నాకు జానెడు దూరంలో నిలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు గురించి చెప్పాలి. అందరూ గ్లిజరిన్ వేసుకుని ఏడుస్తారు. ఈశ్వరి ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు. ముందు ఎడమ కన్ను కింద సన్నటి గీత ఒకటి వణికేది. ఆ తర్వాత కనుబొమలు దగ్గరకొచ్చేవి. కన్నీరు అన్నిటికన్నా ఆఖరున వచ్చేది, అప్పటికే లైట్లు పట్టుకున్నవాళ్ళు చూడలేక తలలు తిప్పుకునేవాళ్ళు. షాట్ అయిపోగానే ఆమె కొంగుతో మొహం ఒత్తుకుని, "ఏమండీ, మీ పనే హాయి. ఫోటోకు ముడతలు రావు" అని నాతో వేళాకోళమాడేది.

ఆ మాట వేళాకోళంగా ఎంతోకాలం నిలవలేదు. ఛానల్ వాళ్ళు కొత్త కెమెరాలు పంపించారు, వాటి వెనకే ఒక కబురూ పంపించారు. అమ్మ కళ్ళ పక్కన గీతలు బాగా కనపడుతున్నాయి, క్లోజప్‌లు తగ్గించమని. పెద్దకొడుకు వేషం వేసేవాడికి ముప్పై తొమ్మిదేళ్ళు, తల్లికి నలభై ఆరు. అది ఎవరికీ తప్పనిపించలేదు, గీతలు మాత్రం తప్పనిపించాయి. క్లోజప్ లేని తల్లి సీరియల్లో ఎన్నాళ్ళుంటుందో ఈశ్వరికి తెలుసు. ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క వేషమే.

మేకప్ వేసే రత్నం ఒక క్లినిక్ సంగతి చెప్పింది. "సూదులేనక్కా. చీమ కుట్టినట్టుంటది, అంతే. వారంలో గీతలు మాయమైపోతాయి." షూటింగ్ లేని మూడు రోజులు చూసుకుని ఈశ్వరి వెళ్ళి, నుదుటి మీదా కళ్ళ పక్కలా సూదులు పొడిపించుకుని వచ్చింది.

గీతలు నిజంగానే పోయాయి. వాటి బదులు కళ్ళ కింద వాపు వచ్చింది. ముందు ఎడమవైపు, మర్నాటికి రెండువైపులా మెత్తగా ఉబ్బి సంచుల్లా నిలిచింది. ఆ రోజు రెండో కొడుకు నిశ్చితార్థం తీస్తున్నారు. దర్శకుడు భార్గవ్ మానిటర్ ముందునుంచి లేచి వచ్చాడు. ఆమెకు కొడుకయ్యే వయసు కుర్రాడే, మర్యాద తెలిసినవాడు.

"ఈశ్వరిగారూ, ఇంట్లో ఏమన్నా జరిగిందా? ఏడ్చి వచ్చినట్టున్నారు."

"ఏమీ లేదు బాబూ. నిద్ర చాల్లేదు."

ఆ అబద్ధం రెండు రోజులకు మించి పనిచేయలేదు. రత్నం ఐసులో పెట్టిన చెంచాలు తెచ్చి కళ్ళ కింద అద్దేది. బంగాళాదుంప చెక్కలు పెట్టేది. ఎంత రంగు పూసినా పక్కనుంచి లైటు పడితే వాపు నీడ చెంప మీద పడేది. డాక్టరును అడిగితే, కొందరికి ఇలా అవుతుంది, కింది రెప్ప దగ్గర కండరం సడలి నీరు నిలుస్తుంది, కండరాన్ని కదలనివ్వని ఆ మందు బలం తగ్గాక అదే పోతుంది, మూడు నాలుగు నెలలు ఓపిక పట్టమన్నాడట. ఓపిక ఆమెకు లేక కాదు. రోజూ రాత్రి టీవీలో రావలసిన అమ్మకు నాలుగు నెలలు ఎవరిస్తారు? పడుకుంటే కళ్ళ కిందికి నీరు చేరుతుందని కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నానని నాతో చెప్పింది. అప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు.

ఆ వారంలోనే నా ముందు ఏడ్చే సీను వచ్చింది. మూడో కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఈశ్వరి నాకు జానెడు దూరంలో నిలబడి "ఏమండీ, చూస్తున్నారా" అంది. గొంతు పాతదే. కళ్ళలోకి బాధ వచ్చింది, నేను చూశాను, వచ్చింది. కానీ గీత వణకలేదు. కనుబొమలు కదల్లేదు. నుదురు గచ్చులా నున్నగా ఉంది. బాధ లోపలే ఎక్కడో ఆగిపోయింది. ఐదు టేకులయ్యాక ఆమె మొదటిసారి గ్లిజరిన్ అడిగింది. నీళ్ళు వాపు మీదుగా పక్కకు జారి చెవి దాకా పోయాయి. మొహం మాత్రం ఎవరి కోసమో ఎదురుచూస్తున్న మొహంలా ఉండిపోయింది.

భార్గవ్ మెల్లగానే అన్నాడు. "సంతోషంగా ఉండాల్సిన సీన్లో ఏడ్చినట్టున్నారమ్మా. ఏడవాల్సిన సీన్లో ఏమీ పట్టనట్టున్నారు. నేను ఛానల్‌కి ఏం చెప్పను?"

"కొన్నాళ్ళు ఆగు బాబూ. తగ్గిపోతుంది. డాక్టరు చెప్పాడు."

ఆగాడు, పాపం. రాజ్యలక్ష్మమ్మను కాశీకి పంపించాడు. సీరియళ్ళలో కాశీ అంటే ఏమిటో నాకు తెలుసు. కొందరు తిరిగొస్తారు, కొందరు రారు. ఈశ్వరి మాత్రం వెళ్తూ నా అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచి, "త్వరగా వచ్చేస్తానండీ" అని చెప్పి వెళ్ళింది.

మూడు వారాలకు ఆమెకు ఫోను వెళ్ళింది. తొమ్మిది గంటలకు రావాలి, ఎర్రంచు తెల్లచీర అని. వాపు సగం కూడా తగ్గలేదు. అయినా కబురొచ్చిందన్న సంబరంతో గబగబా హాల్లోకి అడుగుపెట్టి, నన్ను చూసి ఆగిపోయింది. మీసాలాయన మీద, నా అద్దం వెనక, తన ఫోటో ఉంది. మూడేళ్ళ కిందటిది, కళ్ళ పక్క గీతలతో సహా నవ్వుతున్నది. దండ అప్పుడే వేసి సత్తార్ భాయ్ స్టూలు దిగుతున్నాడు.

"నీకు చెప్పలేదా అమ్మా?" అన్నాడాయన.

ఎవరూ చెప్పలేదు. మేనేజరు చెప్పాడని భార్గవ్, భార్గవ్ చెప్పాడని మేనేజరు అనుకున్నారు. కాశీలో బస్సు లోయలో పడింది. కాశీలో లోయ ఎక్కడుందని అడిగినవాళ్ళు లేరు. పిలిపించింది శవం షాట్ కోసం.

ఈశ్వరి వెళ్ళి చాప మీద పడుకుంది. ముక్కులో దూది పెట్టారు. కొడుకులు ముగ్గురూ మీదపడి ఏడ్చారు. ఆమె మొహంలో ఒక్క నరం కదల్లేదు. మొదటి టేకే ఓకే అయింది. "చాలా సహజంగా చేశారమ్మా" అన్నాడు భార్గవ్. మెచ్చుకుందామనే అన్నాడు.

తర్వాత ఆనవాయితీ ప్రకారం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. కెమెరామన్ ఫోకస్ సరిచేసుకున్నాడు. సెట్టంతా నిలబడి చూస్తోంది.

"నవ్వండమ్మా."

పెదవులు కాస్త విడ్డాయి, పైన మొహం మాత్రం కదల్లేదు.

"అమ్మా, ఒక్క నవ్వు. అయిపోతుంది."

"నవ్వుతున్నానయ్యా" అంది ఈశ్వరి.

కెమెరామన్ కెమెరా ఆపేశాడు.

తర్వాత సీరియల్ కథ ఇరవయ్యేళ్ళు ముందుకు దూకింది. పాత ఇల్లు ఊడదీశారు. నేను దండతో సహా సత్తార్ భాయ్ గోడౌనుకు చేరి, గడియారాల మధ్య వేలాడాను. అన్నీ వేర్వేరు వేళల్లో ఆగిపోయిన గడియారాలు. ఒక మధ్యాహ్నం ఈశ్వరి వచ్చింది. వాపు పూర్తిగా పోయింది. గీతలు తిరిగొచ్చాయి.

"మొఖం మంచిగైంది గదమ్మా!" అన్నాడు సత్తార్ భాయ్ సంతోషంగా.

"అయింది భాయ్. చచ్చాక అయింది. ఛానల్‌కి వెళ్ళాను, చనిపోయినావిడని మళ్ళీ ఎలా చూపిస్తామన్నారు. నా ఫోటో నాకిచ్చెయ్యి. దండతో ఇలా వేలాడుతుంటే బాగాలేదు."

ఆయన మేకులు పీకడానికి పట్టుకారు వెతుకుతూ లోపలికెళ్ళాడు. ఈశ్వరి నాకు జానెడు దూరంలోకి వచ్చింది. లైటు లేదు, కెమెరా లేదు. "ఏమండీ, చూస్తున్నారా" అంది. ఎడమ కన్ను కింద గీత వణికింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఆఖరున కన్నీరు వచ్చింది. మూడేళ్ళలో అంత గొప్పగా ఆమె ఎన్నడూ ఏడవలేదు. నాకు దుఃఖం వచ్చిందని చెబితే చెక్కకూ అద్దానికీ దుఃఖమేమిటని మీరు నవ్వుతారు, నవ్వండి. ఆమె నుదురు నా అద్దానికి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

సత్తార్ భాయ్ వచ్చి ఫోటో తీసిచ్చాడు. ఆమె దాన్ని చూడకుండానే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాలో మళ్ళీ మీసాలాయన మిగిలాడు. అద్దం మీద ఆమె నుదురు ఆనిన చోట తడి మచ్చ ఉంది. మర్నాడు ఇంకో సీరియల్‌కు నన్ను పంపాలి కదా, సత్తార్ భాయ్ గుడ్డ తెచ్చి దాన్ని శుభ్రంగా తుడిచేశాడు.