మదనపల్లెలో అక్కమ్మ

గట్టు మీద జారిపడి శంకరప్ప చీలమండ బెణికింది. దాంతో ఆ వారం టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు వేసుకుపోయే పని అతని భార్య నాగరత్నమ్మ మీద పడింది. పుంగనూరుకు అవతల ఉన్న వాళ్ల ఊరికి మదనపల్లె ఏమంత దూరం కాదు. అయినా ఆరేళ్లుగా ఆమె ఆ ఊరి మొహం చూడలేదు. ఆసుపత్రి పని పడితే పలమనేరు పోయేది. బట్టలు పుంగనూరులోనే కొనుక్కునేది. మదనపల్లె పేరెత్తితే చాలు, లేచి వేరే పని చూసుకునేది. కారణం అక్కమ్మ.

అక్కమ్మ అంటే వాళ్ల మెట్టచేనిలో నిలబడి ఉండిన రాయి. తరతరాల పసుపూ నూనే పట్టి, ముక్కూ మొహం తెలియకుండా నున్నగా అయిపోయింది. తల ఉన్నట్టూ భుజాలున్నట్టూ మాత్రం లీలగా తెలిసేది. నాగరత్నమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు అత్తగారు ఆమె చేత ఆ రాయికి పసుపు పూయించి, రవికగుడ్డ చుట్టించి, ఈమె మన ఇంటి ఆడబిడ్డ అనుకో, నీకేం కష్టమొచ్చినా ఇక్కడ చెప్పుకో అంది. నాగరత్నమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. చెనిక్కాయలు పీకితే మొదటి చెట్టు అక్కమ్మకే. అత్త మీద కోపం వస్తే పోయి చెప్పుకునేది అక్కమ్మకే. రెండు కానుపులు పోయి మూడోసారి కడుపు నిలిచినప్పుడు, మొగుడి కంటే ముందు ఆ సంగతి తెలిసింది కూడా అక్కమ్మకే.

తొంభై ఎనిమిదిలో ఆమె తమ్ముడు దాసప్ప కుప్పంలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. అతనికి అక్కడ గ్రానైటు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పండగలాంటి సందడి. శంకరప్ప రెండో రోజే తిరిగి వచ్చేశాడు కానీ, అక్కను మాత్రం దాసప్ప వారం దాకా కదలనివ్వలేదు. ఆమె ఊరికి వచ్చేసరికి చేనిలో అక్కమ్మ లేదు. ఆ చోట కొత్తమన్ను పూడ్చి ఉంది. మదనపల్లెలో పాతకాలం బొమ్మలూ పటాలూ పెట్టే మ్యూజియం వాళ్లకు ఇచ్చేశానని శంకరప్ప చెప్పాడు. ఎందుకిచ్చావంటే, దొంగల భయం ఎక్కువైంది, అక్కడైతే భద్రంగా ఉంటుందన్నాడు. అంతకు మించి ఎంత గుచ్చి అడిగినా నోరు విప్పలేదు.

నాగరత్నమ్మ అరిచి గోల చేసే మనిషి కాదు. వేళకు అన్నం పెట్టింది, పక్కనే వంగి కలుపు తీసింది. కానీ ఆ కోపం మాటల్లో ఏదో ఒక మూల తగులుతూనే ఉండేది. పాలిచ్చే ఆవు గురించి మాట్లాడుతున్నా, అడక్కుండా ఇచ్చేసే మనిషివి కదా అనేది. దాసప్ప వచ్చినప్పుడల్లా అక్క పక్షమే. ఇంటి దేవతను ఎవరైనా ఎత్తి ఇచ్చేస్తారా, మా బావకు బుద్ధి లేదు అని నలుగురిలో ఎత్తిపొడిచేవాడు. శంకరప్ప తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు.

ఇప్పుడు ఆరేళ్ల తర్వాత, రెండువేల నాలుగులో, ఆమె మదనపల్లె మార్కెట్టులో నిలబడి ఉంది. వేలం పాట తొందరగానే ముగిసింది. టెంపో అతను ఎరువు మూటలు ఎక్కించుకోవాలి, మధ్యాహ్నం పోదాం అన్నాడు. ఎండ చురుక్కుమంటోంది. నీడ కోసం వెతుక్కుంటూ నడిచిన మనిషి, ఒక పూలామె దగ్గర ఆగి, అడగకూడదనుకుంటూనే మ్యూజియం యాడుండాదని అడిగింది. పూలామె వేలుతో వీధి చివర చూపించింది.

పాత రాతి బంగళా అది. గోడ మీద బోర్డు కూడబలుక్కుని చదివింది. లలితకళలు, పురావస్తువుల ప్రదర్శనశాల. ప్రవేశం ఉచితం. చీర మీద టమోటా మరకలు చూసుకుని కాసేపు తటపటాయించింది. ఉచితం అని వాళ్లే రాసుకున్నాక నన్నెవరాపుతారులే అని ధైర్యం చెప్పుకుంది. వాకిట్లో స్టూలు మీద కూర్చున్న కాపలామె, చెప్పులు విడవాల్సిన పని లేదమ్మా అంది. నాగరత్నమ్మ చెప్పులు విడిచిపెట్టి లోపలికి పోయింది.

మొదటి గది నిండా పటాలు. కొండలు, గుర్రాలు, నగలేసుకున్న ఎవరో రాజులు. వాటన్నింటినీ దాటిపోయి ఆమె ఒక్కదాని ముందు ఆగింది. ఒక ముసలామె గోడకు ఆనుకుని నిద్రపోతోంది. ఒళ్లో చేట, చేటలో సగం చెరిగిన రాగులు. గీసినవాడు ఆమెను లేపకుండా అంతసేపు అక్కడే కూర్చుని ఉంటాడు కదా అనిపించింది. పని మధ్యలో కునుకు తీసిన ఆడమనిషిని తిట్టకుండా అంతసేపు చూసినవాడు ఒకడుండాడన్న ఊహే ఆమెకు కొత్తగా తోచింది. రెండో గదిలో ఇత్తడి దీపాలు, నాణేలు, అద్దాల పెట్టెలో పగిలిన కుండపెంకులు. వాటి వెనక వరండాలో రాళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

అక్కమ్మను ఆమె గుర్తుపట్టలేదు. ఒకసారి దాటి చివరిదాకా పోయి వెనక్కి వస్తుంటే కుడి భుజం మీద విరిగిన ముక్క కనబడింది. మామగారి కాలంలో నాగలి తగిలి విరిగిన చోటది. ఎన్నోసార్లు తన వేళ్లతో పసుపు అద్దిన గుంట. అక్కడి నుంచి కళ్లు పైకెత్తి చూసింది.

రాయిని శుభ్రంగా కడిగేశారు. పసుపు లేదు, నూనె లేదు. బూడిద రంగు రాతిలో ఒక మగవాడు నిలబడి ఉన్నాడు. కొప్పు పక్కకు ముడిచి, చేతిలో కత్తి పట్టి, మెలితిరిగిన మీసాలతో. చేనిలో ఉన్నన్నాళ్లూ భూమిలో పూడి ఉండిన అడుగు భాగంలో చిన్న చిన్న ఆవులు బారులు తీరి ఉన్నాయి. నాగరత్నమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కొంగును తల మీదికి లాక్కుంది.

కానుపుల సంగతి, అత్త సంగతి, మొగుడితో పడని రాత్రుల సంగతి, అన్నీ చెప్పింది ఈయనకా? సిగ్గుతో చెంపలు వేడెక్కాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒంటరిగా నవ్వింది. పాపం, మీసాలున్న మనిషికి ఏటేటా రవికగుడ్డ చుట్టాం. ఒక్కనాడూ కాదనలేదు. నవ్వు ఆగాక ఆ మొహాన్ని మళ్లీ చూసింది. కొత్త మొహమే. అయినా ఎదురుగా నిలబడితే ఒంట్లోకి వచ్చే నిమ్మళం మాత్రం చేనిలో ఉన్నప్పటిదే.

రాయి కింద చిన్న చీటీ ఉంది. వీరగల్లు. పశువుల మందను కాపాడుతూ చనిపోయిన వీరుడి గుర్తు. పేరు తెలియదు. దాని కింద దాత అని, పక్కన మొగుడి పేరూ ఊరి పేరూ.

కాపలామె పద్మావతి వెనకాలే వచ్చింది. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది. ఆ ఊరేనా మీది అని అడిగి, అవునంటే మొహం విప్పార్చుకుంది. టమోటాలేసుకుని వచ్చే శంకరప్ప తెలుసా అంది. నాగరత్నమ్మ అదే ఊరన్నది తప్ప ఇంకేమీ చెప్పలేదు.

"మార్కెట్టుకు వచ్చినప్పుడంతా ఈడికొస్తాడమ్మా. ఆ గోడవార కూర్చోని ఊరికే సూస్తా ఉంటాడు. ఈ వారం రాలేదు, ఏమాయెనో. ఒకసారి నేనే అడిగినాను, ఆ రాయంటే ఇంత పానముంటే యాల ఇచ్చినావప్పా అని."

"ఏమన్న్యాడు?"

"ఇంటోళ్లే బెంగుళూరోళ్లకు బేరం పెట్టినారంట. లారీ వచ్చేలోపల ఇచ్చేస్తి, ఈడైతే పోయి సూసుకోనన్నా సూసుకోవచ్చు, అన్న్యాడు."

ఇంటోళ్లంటే ఎవరని నాగరత్నమ్మ అడిగింది. అది చెప్పలేదంది పద్మావతి.

ఆమె చెప్పనక్కర లేకపోయింది. నాగరత్నమ్మ ఆ గోడవారే కూర్చుండిపోయింది. కుప్పంలో ఆ వారం కళ్ల ముందు కదిలింది. ఇంకొన్నాళ్లు ఉండక్కా అని దాసప్ప బతిమాలడం. ఒకరోజు గొలుసులూ మనుషులనూ వేసుకుని తానే లారీలో బయలుదేరడం. చీకటి పడ్డాక ఖాళీ లారీతో తిరిగొచ్చి, అన్నం తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవడం. వ్యాపారంలో నష్టమొచ్చిందేమోనని ఆమె ఆ రాత్రి తమ్ముడికి పెరుగన్నం కలిపి తినిపించింది కూడా.

ఇంటికి చేరేసరికి శంకరప్ప కాలికి కట్టు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. పాట ఎలా పోయిందని అడిగాడు. ఆమె మంచం కోడు దగ్గర కూర్చుంది.

"మా దాసుగాడేనా?" అంది.

శంకరప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎవరు చెప్పారన్నాడు. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నానంది. అప్పుడతను మెల్లగా చెప్పాడు. గృహప్రవేశం నాడే దాసప్ప తనను పక్కకు పిలిచి, మీ అక్కమ్మ లాంటి పాతరాళ్లకు బెంగుళూరులో గిరాకీ ఉంది, అక్కను ఇక్కడ ఉంచుతాను, నువ్వు ఊరుకుంటే చాలన్నాడట. కాదంటే రాత్రికి రాత్రి ఎత్తుకుపోయేటట్టున్నాడని భయం వేసి, ఊరికి వస్తూనే మదనపల్లె పరుగెత్తాడట.

"నాకు యాల సెప్పలే?"

"నీకుండేది ఒకే తమ్ముడు. నామింద కోపం పెట్టుకున్యా పొద్దుగూకితే అన్నం పెట్టేది నువ్వే గదా. వానిమింద పెట్టుకుంటే నీకు పుట్టినిల్లు యాడుండాది?"

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఏడవలేదు. ఆరేళ్లు ఎత్తిపొడుపులు మోసిన మనిషి మీద జాలి కలిగింది. జాలితో పాటు ఇంకోటి కూడా లేచింది.

"ఇచ్చేటప్పుడు నన్నడగలే. దాచేటప్పుడూ నన్నడగలే. నేను తట్టుకోలేనని నీకెవురు సెప్పినారు?" అంది.

తప్పే, అన్నాడు శంకరప్ప. ఆమె లేచి నీళ్లు కాచి అతని కాలికి కాపడం పెట్టింది. మ్యూజియంలో ఏం చూసిందో, ఎక్కడ నవ్విందో అప్పుడు చెప్పింది. ఇద్దరూ ఆ మీసాల గురించి మాట్లాడుకున్నారు. అతనికి అవి ఆరేళ్ల నుంచీ తెలుసు. చెప్పుకునేందుకే మనిషి లేకపోయింది.

రెండు నెలల తర్వాత దాసప్ప కూతురికి చెవులు కుట్టించారు. ఇద్దరూ కుప్పం పోయారు. భోజనాల దగ్గర దాసప్ప మామూలుగానే బావ మీద పాత పాట ఎత్తుకున్నాడు. దేవతను దానమిచ్చిన మారాజు అంటూ. బంధువులు నవ్వారు. వడ్డిస్తున్న నాగరత్నమ్మ తమ్ముడి విస్తరి ముందు వంగి, అతనికి మాత్రమే వినబడేలా అడిగింది.

"దాసూ, గృహప్రవేశమప్పుడు లారీ తీసుకోని యాడికి పోయినావు?"

దాసప్ప చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆమె పప్పు వేసి పక్క విస్తరికి పోయింది. కాసేపటికి అతను సగం అన్నం మీదే విస్తరి మడిచి లేచాడు.

సాయంత్రం బస్టాండుకు తానే వచ్చాడు. బావ చేతిలోని సంచి తీసుకుని, "బావా, ఆ పొద్దు నేను లారీ…" అని మొదలుపెట్టాడు.

"బస్సు వస్తాండాది. ముందు సీటు సూడు, నీ అక్కకు కిటికీ కావాల" అన్నాడు శంకరప్ప.

దాసప్ప పరుగెత్తి కిటికీ పక్కన తువ్వాలు వేశాడు. బస్సు కదిలేదాకా కింద నిలబడి అక్క మొహమే చూస్తూ ఉన్నాడు. ఆమె అతన్ని పలకరించలేదు, మొహమూ తిప్పుకోలేదు. పుట్టింటికి మళ్లీ వస్తానని ఆమెకు తెలుసు. ఎప్పుడన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

బైరెడ్డిపల్లె దాటాక, వచ్చే వారం మార్కెట్టుకు నేనూ వస్తానంది. శంకరప్ప తలూపాడు. కాసేపటికి, ఆడికి పోయినప్పుడు ఆ రాయిని నువ్వేమని పిలుస్తాండావని అడిగింది. అతను పక్క సీటు వాళ్లు వింటున్నారేమోనని చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కమ్మా అనే. ఇంగేమని పిలిచేది?"

ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.