రంగుల మేస్త్రీ ముక్కు

చెట్టు నుంచి వచ్చేదానికి దోషమేముంటుందంటారు జనం. గన్నేరుపప్పు మరి ఆకాశం నుంచి రాలుతోందా? రంగుల మేస్త్రీ కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు: జాఫ్రా చెట్టు ఎర్రగింజల పాపమేమీ లేదు, వాటి నుంచి తిండిలో కలిపే రంగు దించడానికి పోసే ఘాటు రసాయనం, ఆ సాల్వెంట్‌తోనే గొడవంతా. గింజల్ని అందులో నానబెట్టి, వడకట్టి, ఆ సాల్వెంట్ ఆవిరైపోయేదాకా కాచాలి. అది ఏమాత్రం మిగిలిందో, రంగుతోపాటు పిల్లలు తినే ఐస్‌క్రీముల్లోకి చేరుతుంది.

సాల్వెంట్ పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది? చట్టం ప్రకారమైతే ప్రతి వాయినీ ల్యాబుకు పంపాలి. మేస్త్రీ ఆరు నెలలకొకసారి పంపేవారు, మిగతావాటికి ఆయన ముక్కే ల్యాబు. మూత తీసి, కళ్ళు మూసుకుని, ఒక్క పీల్పు పీల్చి "పోయింది" అనేవారు. రిజిస్టర్లో "వాసన లేదు" అని రాసి సంతకం చేసేవారు. ఆ మూత దగ్గరికి కన్నకూతుర్ని కూడా రానిచ్చేవారు కాదు. చచ్చినవాడి కళ్ళు చారడేసి అంటారు గానీ, ఈయన ముక్కును బతికుండగానే అందరూ పొగిడారు. ముప్పై ఆరేళ్ళలో ల్యాబు ఒక్కసారీ దాన్ని తప్పుపట్టలేదు.

ఆయన పోయి మూడు వారాలైంది. నిద్రలోనే గుండె ఆగిపోయింది. కూతురికి ఏడుపు రాలేదు. పొద్దున్నే రంగు కాచే షెడ్డు తాళం తీస్తోంది, గింజలు తూస్తోంది, రెండు ముద్దలు మింగుతోంది. ఏదీ తనకు జరుగుతున్నట్టు లేదు.

ఆ మంగళవారం తనిఖీ అధికారిణి ఇంటికొచ్చి ల్యాబు కాగితం బల్ల మీద పెట్టింది. మేస్త్రీ చేసిన చివరి వాయిలో సాల్వెంట్ హద్దుకు తొమ్మిది రెట్లుంది.

"ఈ ఒక్కటేనా, ముందు చేసినవి కూడా ఇంతేనా?" అని అడిగింది. "పాతవాటి శాంపిల్ సీసాలు మీరు దాచలేదు. ఎప్పట్నుంచి తేడా వచ్చిందో చెప్తే, అప్పట్నుంచి అమ్మినవన్నీ వెనక్కి తెప్పిస్తాం. చెప్పకపోతే నా చేతిలో ఉన్నది ఈ ఒక్క కాగితమే."

తమ్ముడు అక్క మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఒక్క వాయి పొరపాటనెయ్యక్కా. పోయిన మనిషి పేరు బజారుకీడుస్తామా? లైసెన్సు పోతే ఏం చేస్తాం, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటామా?"

వాడన్నదీ నిజమే. అలాగే అనేద్దామని వెనక్కి తిరిగింది. వంటింటి గోడ మీది క్యాలెండర్ కంటపడింది.

తిండి దగ్గర నాన్న మహా పేచీకోరు. ఉప్పు చాల్లేదు, పోపు మాడింది, ఇది కూరా కుడితా? ఆమెకు నలభై రెండేళ్ళొచ్చినా వంట బాగుందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. నాలుగు నెలల కిందట, ఆయనకు జ్వరం తగ్గిన వారానికి, ఫోన్లో మాట్లాడుతూ కూర అడుగంటించింది. ఇల్లంతా పొగ. తిట్లకు సిద్ధపడే వడ్డించింది. ఆయన మారు వడ్డించుకుని మరీ తిని, "బాగుందమ్మా," అన్నారు. అప్పట్నుంచి దేనికీ వంక పెట్టలేదు. వయసుతో మెత్తబడ్డారనుకుంది. ఎంత పొంగిపోయిందంటే, ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "నాన్న బాగుందన్నారు" అని రాసుకుంది పిచ్చితల్లి.

అంత పొగలో కూర్చుని బాగుందన్నారు. ఆయనకసలు ఆ మాడు వాసనే తెలియలేదు. తెలియట్లేదని ఎవరికీ చెప్పనూ లేదు. ముక్కు పోయిందంటే మేస్త్రీగిరీ పోయినట్టే కదా! ఆ తర్వాత ప్రతి వాయికీ మూత తీసి, కళ్ళు మూసుకుని, "పోయింది" అన్నారు.

"జ్వరమొచ్చినప్పట్నుంచి," అంది ఆమె. "నాలుగు నెలలు. నాన్నకు వాసన తెలిసేది కాదు."

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"మీరెలా చెప్పగలరు?" అంది అధికారిణి.

ఆమె క్యాలెండర్ దించుకొచ్చి, ఆ నెల తిప్పి చూపించి, కూర సంగతంతా చెప్పింది. అధికారిణి ఆ రెండు మాటలూ చదివి, తేదీ రాసుకుంది.

"ఈ కాగితం ఫైల్లో పెట్టాలండీ," అంది.

ఆమె ఆ నెల కాగితం చించి ఇచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న నోట విన్న ఒకే ఒక్క మెప్పు అది. ఇచ్చేటప్పుడు కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు.

"మీకో ఫోటో తీసి పంపమంటారా?" అంది అధికారిణి.

"వద్దండీ," అంది. "ఆ రోజు కూర మాడిపోయింది."