మూడోరోజు తాజా వార్తలు

రాజమండ్రిలో సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చుకునే బంగార్రాజు గారికి తొంభై ఆరులో ఉన్నట్టుండి జర్నలిజం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొట్టు మీది గదిలో నీలం కర్టెన్ ఒకటి వేలాడదీసి, దాని ముందు బల్ల వేసి, "బంగారు గోదావరి టీవీ" అన్నారు. పేరులో గోదావరి ఏదో మొహమాటానికి పెట్టారు గానీ, బంగారం మాత్రం ఆయనే.

ఛానల్ అంటే ఆకాశంలోంచి వస్తుందనుకునేరు. ఇది బస్సులో వచ్చేది. సాయంత్రం వార్తలు చదివించి ఒకే ఒక్క టేపు మీద రికార్డు చేసేవారు. రెండో టేపు కొనడానికి ఆయనకి చేతులు రావు. దాన్ని ఆర్టీసీ కండక్టరు చేతిలో పెడితే, రావులపాలెం కేబుల్ ఆపరేటరు దించుకుని ఆ రాత్రికి వేసి, మర్నాడు వెనక్కి తిప్పి అమలాపురం బస్సెక్కించేవాడు. అక్కడ కూడా అయ్యాక మూడోరోజుకి మా లంకలో పెద్దిరాజు కంట్రోల్ రూముకి చేరేది. కంట్రోల్ రూమంటే గేదెల పాక పక్కన రేకుల షెడ్డు. ఇంత తతంగం నడిచాక తెర మీద "తాజా వార్తలు" అన్న అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చేవి. రేపు భారీ వర్షం అని మేం వినేసరికి మోకాలి లోతు నీళ్ళలో మంచాల మీద కూర్చుని ఉండేవాళ్ళం.

ఊరంతా దీనికి అలవాటు పడిపోయింది. టీవీలో రేపంటే మాకు నిన్న. అలవాటు పడనిది ఒక్క మా పక్కింటి సంపూర్ణమ్మత్త. ఆవిడ కూతురు ఆశాజ్యోతికి డిగ్రీ అయ్యాక ఆ ఛానల్లోనే వార్తలు చదివే ఉద్యోగం దొరికింది. చిన్నప్పటి నుంచి చర్చిలో వాక్యం చదివి తేరిన గొంతు ఆ పిల్లది. ఆ గొంతు టీవీలో వినబడ్డాక అత్తకి వార్తలూ వాక్యమూ ఒకటైపోయాయి. "మా అమ్మాయి నోట అబద్ధం రాదు" అనేది.

అత్త జాకెట్లు కుట్టి కూతురిని చదివించింది. ఆ ఏడు రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేవాణ్ణి. కుట్టు వంకరపోతోందని ఒక్కొక్కరే బట్టలు వెనక్కి పట్టుకుపోతున్నారు. ఆపరేషన్ అయితేనే ఆ మిషను తిరుగుతుంది, లేకపోతే లేదు.

అమలాపురంలో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేసే శిబిరం పెడుతున్నామని, ఎక్కడి నుంచో వస్తున్న డాక్టర్లు తేదీ వేసి చాలా ముందుగానే బంగార్రాజు గారికి కబురు పంపారు. ఆయన దాన్ని సొరుగులో పడేసి ముందురోజు దాకా మాగబెట్టారు. బయటికి తీశాక తేదీ కొట్టేసి "రేపు" అని రాశారు.

"తేదీ ముందే చెప్పాల్సిందండి. మా ఊరికి టేపు మూడోరోజుకి గానీ రాదండి" అందిట ఆశాజ్యోతి.

"తేదీ చెబితే వార్త చల్లారిపోద్దమ్మా. రేపంటేనే వేడి. ఇంకో కాపీ తీసి ఈ పూటే మీ ఊరికి మనిషినిచ్చి పంపిస్తాను, సరేనా?" అన్నారుట ఆ మేధావి.

పిల్ల నమ్మి చదివింది. కాపీ లేదు, మనిషీ లేడు. టేపు ఎప్పటిలాగే కండక్టర్ల సంచుల్లో ఊరేగి బుధవారం సాయంత్రం మా ఊరు చేరింది.

"అత్తా, ఆ శిబిరం నిన్ననే అయిపోయుంటది" అన్నాను.

"నోర్ముయ్యరా. మా అమ్మాయి రేపంది" అని తెల్లారగానే అత్త బస్సెక్కింది.

అక్కడ షామియానా గుంజలు పీకుతున్నారు. మళ్ళీ శిబిరం ఎప్పుడో చెప్పేవాళ్ళే లేరు. "డాక్టర్లే ముందెళ్ళిపోయారురా. మాట మీద నిలబడని మనుషులు" అని తిట్టుకుంటూ తిరిగొచ్చింది. కూతుర్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎస్టీడీ బూత్ నుంచి ఆశాజ్యోతికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

ఆ సాయంత్రమే బంగార్రాజు గారు "శిబిరం దిగ్విజయం" అన్న వార్త ఆ పిల్ల చేతిలో పెట్టి, ఎవరి చేతో దండ వేయించుకోవడానికి వెళ్ళారు. తన ఛానల్ తాను చూసే అలవాటు ఆయనకి లేదు. ఆపాటి తెలివి ఉంది. ఆశాజ్యోతి ఆ కాగితం పక్కనపెట్టి తను చెప్పదలచుకున్నది చెప్పింది. కెమెరా అతను ఆవలిస్తూ టేపు తీసి బస్సెక్కించాడు. మర్నాడు ఆమె పెట్టె సర్దుకుని, ఆ టేపుకంటే ముందే ఇంటికొచ్చేసింది.

రావులపాలెం వాళ్ళు తీరిగ్గా ఫోన్ చేసి చెప్పేసరికి అమలాపురంలో కూడా అయిపోయింది. బంగార్రాజు గారు ఆపమంటూ మా పెద్దిరాజుకి ఫోన్ కొట్టారు. "అలాగేనండి, తప్పకుండానండి, రేపు ఆపేస్తానండి" అని పెద్దిరాజు ఫోన్ పెట్టేసి టేపు వేశాడు.

శనివారం సాయంత్రం అత్త ఇల్లు జనంతో నిండిపోయింది. తెర మీద ఆశాజ్యోతి మాట్లాడుతోంది. "ఇవి తాజా వార్తలు కావండి. నేనిది గురువారం చెబుతున్నాను, మీరెప్పుడు వింటున్నారో నాకు తెలీదు. కంటి శిబిరం మంగళవారమే అయిపోయింది. ఆ తేదీ మా ఆఫీసుకి ముందే తెలుసు. దాచిపెట్టి నాచేత రేపని చదివించారు. మా వార్తలు నమ్మి ఎవరూ బస్సెక్కకండి."

మేం చప్పట్లు కొట్టాం, ఈలలు కూడా వేశాం. బంగార్రాజు గారి పరువు మూడు ఊళ్ళలో పోయినందుకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆశాజ్యోతి నవ్వుతూ తల్లి వైపు తిరిగింది. అత్త తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉంది.

"అయితే డాక్టర్లు ముందెళ్ళిపోలేదా?" అంది.

"లేదమ్మా."

"చదివేటప్పుడు నీకు తెలుసా?"

"టేపు ఆ పూటే పంపిస్తానన్నాడమ్మా."

"అందరూ చెబుతూనే ఉన్నారే. నీ గొంతు విన్నాక ఇంకెవరి మాటా వినబుద్ధి కాలేదు నాకు."

తల్లి ఒళ్ళో తల పెట్టి ఆశాజ్యోతి వెక్కి వెక్కి ఏడ్చింది. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాకెవరికీ తెలియలేదు.