గడప దాకా వచ్చిన బల్ల

పొద్దున్నే పాలు కాచుకోవడం, టీవీలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఇడ్లీ తినడం, మధ్యాహ్నం ఒకసారి తలుపు తీసి వీధి చూసి మళ్ళీ వేసుకోవడం. భార్య హైమావతి పోయాక సోమసుందరం మాస్టారి రోజు ఇంతే. కూరలబండి దగ్గర కూడా వేలు చూపించే పని కానిచ్చేవారు. గొంతు తుప్పు పట్టిందేమోనని ఒక్కోరోజు ఊరికే దగ్గి చూసుకునేవారు.

మిక్సీ పాడవకపోతే వీధి మలుపులో ఉన్న అబ్దుల్ వహాబ్ షెడ్డుకి వెళ్ళేవారే కాదు. ఒకప్పుడది తివాచీలు నేసే షెడ్డు. మగ్గాలు ఆగిపోయాక వహాబ్‌గారు దానికి తాళం వెయ్యకుండా, ఇంట్లో పొద్దుపోని మగాళ్ళకి వదిలేశారు. ఎవరో ఫ్యాను తెస్తారు, ఎవరో విప్పుతారు, బిగించేలోపు రెండు టీలు. అందరూ కూర్చునేది ఒకే టేకుబల్ల మీద. మనిషి వస్తే మనిషంత సాగేది, లేస్తే ముడుచుకునేది. కుర్చీల ఖర్చు తప్పిందనుకునేవారంతే.

మాస్టారు గుమ్మంలో నిలబడేసరికి బల్ల కిర్రుమని మూరెడు సాగింది.

"కూర్చోండి మాస్టారూ, మీ చోటు వచ్చేసింది," అన్నారు వహాబ్‌గారు.

మిక్సీ విప్పింది మత్తయి. ఆకివీడు నుంచి చేపల లారీ తోలి తోలి నడుం పట్టేసిందిగానీ, నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయండీ. మార్చేశాను. అమ్మగారికి చెప్పండి, గోంగూర పచ్చడి చేసి మాకూ ఓ గిన్నె పంపాలని. ఊరికే చేస్తామేంటి మరి!"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వబోయారు, రాలేదు. మిక్సీ చంకన పెట్టుకుని లేచారు.

"వెళ్తానండీ."

అందరూ తలెత్తి చూశారు. వస్తానంటారుగానీ వెళ్తానని ఎవరంటారు? ఆయనకీ తెలుసు. బడికి బయల్దేరినప్పుడల్లా వెళ్తాననే అనేవారు. వంటింట్లోంచి హైమావతి "వస్తానూ అనండి" అని దిద్దేది. ఇప్పుడు వస్తానని ఎవరికి చెప్పాలి?

ఇంటికొచ్చి గడియ పెట్టుకున్నారు. ఇంక ఎక్కడికీ వెళ్ళకూడదనుకున్నారు. మర్నాడు టీవీ పెట్టలేదు. పొయ్యీ వెలిగించలేదు. ఆ పై రోజూ అంతే.

తెల్లారేసరికి వీధిలో గోల. ఎదురింటి బ్లెస్సీ గొంతు.

"ఏవండీ మాస్టారూ! మీ బల్ల తీయించండి, నా స్కూటీ బయటికి రావట్లేదు!"

"నాకు బల్లేమిటమ్మా?" అంటూ తలుపు తీశారు.

షెడ్డులోంచి బయల్దేరిన టేకుబల్ల మలుపు తిరిగి, మురుగుకాలవ దాటి, పడుకున్న గేదెను తప్పించుకుని, సరిగ్గా ఆయన గడప దగ్గర ఆగింది. కొసన ఒక మనిషికి చోటుంది.

"కూర్చుంటారా, నన్ను ఆఫీసు మానెయ్యమంటారా?" అంది బ్లెస్సీ.

కూర్చున్నారు. ఆ పిల్ల స్కూటీ కోసం కాస్త పక్కకి జరిగారు. జరిగినంత మేరా బల్ల వెనకాల ముడుచుకుంది. ఇంకాస్త జరిగారు. అలా జరిగి జరిగి, గేదెను దాటి, కాలవ దాటి, మలుపు తిరిగి, భుజానికి ఎవరో తగిలితే తలెత్తారు. మత్తయి. ఒళ్ళో గోంగూర కట్ట.

"తెలీదండీ బాబూ," అన్నాడు తలొంచుకుని. "అమ్మగారి సంగతి వహాబ్‌గారు తరవాత చెప్పారు. నా నోరు పడిపోనూ."

మాస్టారు కట్టలోంచి ఒక కాడ తీసుకుని ఆకు దూశారు. తరవాత ఇంకొకటి.

"నాకు పచ్చడి చెయ్యడం రాదు మత్తయిగారూ."

"నాకొచ్చండీ, లారీలో వండుకు తిన్నవాణ్ణి. మీరు ఆకు దుయ్యండి చాలు."

"ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తీస్తున్నది ఆ వంటేగా!" అన్నారు వహాబ్‌గారు స్టవ్ ముట్టిస్తూ.

ఈసారి మాస్టారికి నవ్వు వచ్చింది. ఆకలి కూడా వేసింది.

మూకుట్లో గోంగూర మగ్గాక మత్తయి చుట్టూ చూశాడు. "మిక్సీ ఏదండీ?"

"ఇంట్లో ఉండిపోయింది." మాస్టారు లేచి గుమ్మం దాకా నడిచారు. "వెళ్..."

బల్ల కిర్రుమంది. ఆయన వెనక్కి తిరిగారు.

"వస్తానండీ," అన్నారు.

ఆయన లేచిన చోటు, గోంగూర ఆకులు నాలుగు అంటుకుని, అలాగే ఉండిపోయింది.