రెండంగుళాల స్ప్రింగులు

తోడల్లుడు ఎర్ర కారు కొన్నాడని భార్య చెప్పేసరికి మెకానిక్ భోజనం చేస్తున్నాడు. "మంచిదేగా" అన్నాడు తలెత్తకుండా. ఆ పూట మారు వడ్డించుకోలేదు.

పద్దెనిమిదేళ్లుగా కార్ల కింద పడుకుని స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చడమే అతని పని. ఆ కారు మీద మనసు పడిందీ అతనే, దాని గొప్పలు చెప్పి ఇంటిల్లిపాదినీ విసిగించిందీ అతనే. కొన్నది మాత్రం మరదలి మొగుడు. కళ్లద్దాల షాపువాడు. బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు.

ఆదివారం పొద్దున్నే ఆ కారు వర్క్‌షాప్ ముందు ఆగింది.

"అన్నయ్యా, చక్రం పైన ఇంత ఖాళీ ఉంటే ఏం బాగుంటుంది చెప్పు. కాస్త కిందికి దించాలి. నువ్వు ఏ స్ప్రింగులంటే అవే" అన్నాడు తోడల్లుడు.

మెకానిక్ రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి కారును అంగుళం దించే స్ప్రింగులు. దాని షాక్ అబ్జార్బర్లకు సరిపోయేవి అవే. రెండోది రెండంగుళాలు దించేవి. వాటితో కారు నేలకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది, షాక్ అబ్జార్బర్లు తొందరగా పాడవుతాయి. ఆ సంగతి పైకి చెప్పలేదు.

"ఇది నీ కారే అనుకో. ఏవి వేసుకుంటావ్?"

ఆ మాట ముల్లులా దిగింది.

"రెండంగుళాలవే" అన్నాడు మెకానిక్.

మధ్యాహ్నానికి బిగించి ఇచ్చాడు. గేటు దాటుతూ కారు అడుగు నేలకు రాసుకుంది. ఆ చప్పుడు అతని చెవులకు హాయిగా వినిపించింది.

రెండు వారాల తర్వాత అత్తగారింట్లో అందరూ కలిశారు. మామగారు నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"చిన్నల్లుడి కారెక్కితే వెన్నుపూసలన్నీ ఒక్కొక్కటే పలకరిస్తున్నాయయ్యా."

"స్పోర్ట్స్ కారంటే అంతే మామయ్యా" అన్నాడు తోడల్లుడు. "అన్నయ్య తన కారైతే ఏవి వేసుకునేవాడో అవే నాకూ వేశాడు. బయటివాడైతే ఏవి అంటగట్టేవాడో."

మరదలు నవ్వింది. "బావా, షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ మీ గురించే చెప్తున్నారు ఈయన."

మెకానిక్ కంచంలో సగం వదిలేసి లేచాడు. భోజనాలయ్యాక తోడల్లుడిని మెట్ల దగ్గరికి పిలిచాడు.

"రేపు బండి తీసుకురా. అంగుళం స్ప్రింగులు వేస్తా."

"ఎందుకు? బాగానే ఉందిగా."

"బాగాలేదు. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే వేశాను. నీ కారు చూస్తే కడుపు మండింది."

తోడల్లుడు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నేనెందుకు కొన్నానో తెలుసా? నువ్వు ఆ కారు గురించి చెప్తుంటే మామయ్య నోరు తెరుచుకుని వినేవాడు. ఆరేళ్లయింది పెళ్లై. నా షాపు ఎలా నడుస్తోందని ఒక్కసారైనా అడిగాడా?"

నిజమే, మెకానిక్ కూడా ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు స్ప్రింగులు మార్చాక తోడల్లుడు తాళం అతని చేతిలో పెట్టాడు. "నువ్వే నడిపి చూడు."

కారు మలుపుల్లో రోడ్డును వదలకుండా, గతుకుల మీద మెత్తగా సాగిపోయింది. ఎంత బాగుందంటే, తాళం తిరిగి ఇవ్వడానికి మెకానిక్‌కు చెయ్యి రాలేదు.

"ఇంకా మండుతోందా అన్నయ్యా?"

"మండుతోంది" అన్నాడు మెకానిక్. "వచ్చే ఆదివారం కూడా తీసుకురా, ఇంకో చుట్టు తిప్పుతా. ఇంతకీ, నీ షాపెలా ఉంది?"