లోయవైపు తిప్పని గొట్టం

ఆ కొండకు మా భాషలో పేరు లేదు. వేటకు పనికిరాని కొండకు పేరెందుకని మా తాత అనేవాడు. నక్షత్రాల వాళ్ళు మాత్రం ఉత్తర ధ్రువం దగ్గరి మా ఎల్స్‌మియర్ దీవిలో ఇన్ని కొండలుండగా వెతికి వెతికి దాన్నీ, దాని పక్కదాన్నీ పట్టుకున్నారు. చలికాలమంతా పొద్దు పొడవని చోటు కదా, పెద్ద టెలిస్కోపు కట్టడానికి రెండింటిలో ఏది మేలో తేల్చాలట. నా పని తుపాకీ పట్టుకుని ఎలుగుబంట్లు రాకుండా చూడటం. అంత ఎత్తుకు ఎలుగు ఎందుకొస్తుంది? దానికి నక్షత్రాలతో పనేముంది? అయినా జీతమిస్తున్నారు, చూస్తున్నాను.

ఉత్తరపు కొండను ఎంచుకున్నది ఒడీల్. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు. దక్షిణపు కొండ అలిస్టర్‌ది. ఆవిడ దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఆవిడకే పోటీకొచ్చాడు. రెండు శిఖరాల మీదా ఒక్కో చిన్న టెలిస్కోపు చలికాలమంతా ధ్రువనక్షత్రాన్నే చూస్తూ ఉంటుంది. నక్షత్రం ఎంత తక్కువ వణికితే కొండ అంత మంచిదన్నమాట. అప్పుడక్కడ మనుషులుండరు. మిథనాల్‌తో నడిచే కరెంటు పెట్టె ఒకటి పనిచేస్తూ, గొట్టంలోంచి వెచ్చటి గాలి వదులుతూ ఉంటుంది. ఆ గాలి టెలిస్కోపు ముందుకు రాకూడదు. పొయ్యి సెగలోంచి చూస్తే అవతలి మనిషి మొహం కదిలినట్టు కనిపిస్తుంది చూడండి, నక్షత్రమూ అలాగే కదులుతుంది.

చలికాలం ముందు ఆ పెట్టె బిగించే వేళకు ఒడీల్ మోకాలు వాచి శిఖరం ఎక్కలేకపోయింది. ఆవిడ బదులు అలిస్టరే ఆ పని చేశాడు. పక్కన నేనున్నాను. కింద గుడారం నుంచి రేడియోలో ఆవిడ గొంతు ఖంగుమంది.

"అలిస్టర్, గొట్టం మూతి లోయవైపు తిప్పు. వింటున్నావా? లోయవైపు."

"అలాగే మేడమ్."

లోయవైపు ఒక బండ అడ్డం. గొట్టానికి వంపు ముక్క బిగించాలంటే చేతి తొడుగులు తీయాలి. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, హెలికాప్టరువాడు తొందరపెడుతున్నాడు. "ఈ చలిలో ఆ కాస్త వేడి ఎక్కడ మిగులుతుంది పౌలూసీ?" అని అలిస్టర్ దాన్ని ఉన్నదున్నట్టు వదిలేశాడు. వెచ్చటి గాలి సంగతి అప్పటికి నాకు తెలియదు. సరేనన్నాను.

చలికాలపు అంకెలొచ్చాయి. ఒడీల్ నక్షత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అలిస్టర్ కొండకు మెప్పు, ఆవిడ కొండకు మంగళం. ఎండలు వచ్చాక ఆ సామాను విప్పి తెచ్చేందుకు ముగ్గురం వెళ్ళాం. ఈసారి ఆవిడ మోకాలికి పట్టీ కట్టుకుని, నా భుజం పట్టుకుని ఎక్కింది.

"ఆఖరిచూపు కదా, చూసి పోతాను," అంది.

ముందే చేరిన అలిస్టర్ పెట్టె దగ్గర కొయ్యబారి నిలబడ్డాడు. గొట్టం మూతి సూటిగా టెలిస్కోపు వైపే ఉంది. వచ్చిన ఆవిరంతా టెలిస్కోపు కాళ్ళ మీద తెల్లటి ఈకల్లా గడ్డకట్టింది. ఒడీల్ దాన్ని చాలాసేపు చూసింది.

"నీకు ఎటు తిప్పమన్నాను?"

"గుర్తు లేదు మేడమ్," అన్నాడు.

"లోయవైపనే అన్నాననుకున్నానే. అనలేదా?"

అతను బూట్ల వంక చూసుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. మా వాళ్ళలో వయసొచ్చిన మనిషి ఎవరినైనా మొహం మీదే నిలదీస్తే, నిలదీసినవాడే పసివాడి కింద లెక్క. ఎగతాళితో గిల్లి, తప్పు చేసినవాడి నోటే చెప్పించాలి. ఆ మర్యాదను అడ్డం పెట్టుకుని నేనూ ఊరుకున్నాను. నా మీద నాకే సిగ్గేసింది.

దిగుతున్నప్పుడు ఆవిడ నా చెవి దగ్గర అంది: "మా అమ్మకూ ఇలాగే మొదలైంది పౌలూసీ. ముందు చిన్న చిన్న మాటలు మరిచిపోయింది. తర్వాత నా పేరు."

గుడారంలో కరిబూ దుప్పి మాంసం ఉడికించాను. అలిస్టర్ గిన్నెలో చెంచా తిప్పుతున్నాడు తప్ప తినడం లేదు.

"ఏం బాబూ, గొంతు దిగట్లేదా?" అన్నాను. "ఏదో అడ్డం పడ్డట్టుంది. ఓసారి లోయవైపు తిప్పి చూడు."

చెవులదాకా ఎర్రబడ్డాడు. అయినా చెంచా తిప్పుతూనే ఉన్నాడు. ఇంతలో ఏ కొండో తేల్చే సంఘం వాళ్ళు రేడియోలో పిలిచారు. ఒడీల్ అందుకుంది.

"ఉత్తరపు కొండ అంకెలు లెక్కలోకి తీసుకోకండి. కొండ తప్పు కాదు, నాది. గొట్టం ఎటు తిప్పాలో తప్పు చెప్పాను. పాపం, ఆ అబ్బాయి నేను చెప్పినట్టే చేశాడు. వచ్చే చలికాలం మళ్ళీ పరీక్ష పెట్టండి, కానీ ఇంకెవరికైనా అప్పగించండి. నా బుర్ర మీద నాకు నమ్మకం పోయింది."

అలిస్టర్ లేచిన విసురుకి గిన్నె బోర్లాపడింది.

"మేడమ్, రేడియో కట్టెయ్యకండి. వాళ్ళనీ విననివ్వండి. మీరు లోయవైపే అన్నారు. రెండుసార్లు అన్నారు. చలికి బద్ధకించి నేనే తిప్పలేదు. పొద్దున గుర్తు లేదని అబద్ధమాడాను."

ఆవిడ చెంప పగలగొడుతుందనే అనుకున్నాను. అతనూ అందుకే ముందుకొచ్చి నిలబడ్డట్టున్నాడు.

"లోయవైపన్నానా?"

"అన్నారు."

"నన్ను ఓదార్చడానికి అనట్లేదు కదా? పౌలూసీ, నువ్వు విన్నావా?"

కనుబొమలు పైకెత్తాను. మాలో అవునంటే అంతే, ఆవిడకు తెలుసు.

ఒడీల్ కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. లేచి అలిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది.

"నా బుర్ర బాగానే ఉందిరా! బతికించావు. ఎంత మంచి మాట చెప్పావు బాబూ, ఎంత మంచి మాట!"

"తిట్టండి మేడమ్," అన్నాడు అతను. కళ్ళెత్తలేకపోతున్నాడు. "మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి తిట్టండి."

ఆవిడ వినిపించుకుంటేగా. ఆ చేతులు వదలకుండా థాంక్స్ చెబుతూనే ఉంది.